లెక్కకెక్కని చెట్లు: మన ప్రాంతపు వసంతకాలపు పూలచెట్ల చరిత్ర



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరినారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి రాయడానికి నాకంటే తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని ఎవ్వరూ ముట్టని సంగతి ఒకటి ఎత్తుకున్నాను. అది మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వసంతకాలంలో పూచే చెట్ల చరిత్ర. చెట్లకు చరిత్ర ఏమిటని కొందరు నవ్వవచ్చు. రాజులకు శాసనాలున్నట్టు చెట్లకు కూడా సర్కారు దస్త్రాల్లో రికార్డు ఉన్నది. అయితే ఏ చెట్టు ఆ రికార్డుకెక్కింది, ఏ చెట్టు ఎక్కలేదు అన్నదే అసలు విషయం.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినాను. ఆ 36 ఏళ్ళలో ఎక్కువ భాగం ఈ మూడు ఊళ్ళ చుట్టే తిరిగినాను. అప్పుడివన్నీ కరీంనగర్ జిల్లాలోనివి. జగిత్యాల, సిరిసిల్ల తాలూకా కేంద్రాలు; కోరుట్ల మెట్‌పల్లి తాలూకాలో ఉండేది. 1985లో మండలాలు వచ్చినవి. 2016 అక్టోబరు 11న జిల్లాలే మారినవి. జగిత్యాల ఒక జిల్లా అయింది, కోరుట్ల అందులోకి పోయింది, సిరిసిల్ల రాజన్న పేరుతో మరో జిల్లా అయింది. హద్దులు మారినప్పుడల్లా మనం ఫైళ్ళు కట్టగట్టి పంపించినాము. చెట్లు మాత్రం ఉన్నచోటనే ఉన్నవి, లేదా లేకుండా పోయినవి.

సర్కారుకు తెలిసిన చెట్లు

నిజాం కాలం నుండీ సర్కారు చెట్లను లెక్కపెడుతూనే ఉన్నది. మొదట చెప్పవలసినవి తాడిచెట్టు, ఈతచెట్టు. కల్లు గీసే ప్రతి చెట్టుకూ నంబరు, నంబరుకు పన్ను. 1316 ఫసలీ నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం, అంటే 1906 ప్రాంతపు చట్టం, 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చేదాకా నడిచింది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని మన పాత పేష్కార్లు మనకు నేర్పిన మొదటి పాఠం.

తరువాతది ఇప్పచెట్టు. ఇది కూడా వసంతంలోనే పూస్తుంది. పువ్వు రాత్రి రాలితే తెల్లవారుజామున ఏరుకొస్తారు. దానితో సారా కాస్తారు గనుక ఇప్పపువ్వు మీద ఆబ్కారీ వారి కన్ను ఎప్పుడూ ఉండేది. ఉర్దూలో ఇప్పపువ్వును గుల్‌మొహ్వా అంటారు. చెవికి దీనికీ గుల్‌మొహర్‌కూ ఎక్కువ తేడా లేదు. కానీ ఒకటి రాబడి పద్దు, రెండోది ఏ పద్దూ కాదు.

మూడోది తునికి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆడబిడ్డలు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడానికి వాడే ఆకు ఇదే. ఎండకాలం ముందు కొమ్మలు కొట్టి, కొత్త చిగురు ముదిరినాక ఆకు తెంపుతారు. 1971లో వచ్చిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల చట్టంతో దీని వ్యాపారం ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. ఇక టేకును కొట్టాలంటే అనుమతి కావాలి. చింతచెట్లకు వేలం పాట. మామిడికి పూత చూసి తోట గుత్తకిస్తారు. వేపపూతకు ఏ రాబడీ లేకున్నా ఉగాది పచ్చడి ఉన్నది గనుక ఏడాదికి ఒక్కపూటైనా దాని గిరాకీ దానికి ఉంటుంది.

ఇవన్నీ పోగా మిగిలినవి ఊరికే పూచే చెట్లు. కల్లు ఇయ్యవు, దూలానికి పనికిరావు, పచ్చట్లో పడవు. వాటికి రిజిస్టరులో ఒక గడి కూడా లేదు. భూసేకరణ ఫైళ్ళు చూసిన మిత్రులకు ఇది తెలిసిందే. పండ్లచెట్లకు తోటల శాఖ విలువ కడుతుంది, కలప చెట్లకు అటవీ శాఖ విలువ కడుతుంది. మోదుగ వంటివి నేను చూసిన ఫైళ్ళలో వంటచెరుకు కింద పోయినవి. పూత కింద విలువ కట్టే శాఖ మన ప్రభుత్వంలో లేదు.

మోదుగ

అట్లా లెక్కకెక్కని చెట్లలో పెద్దది మోదుగ. మాఘం దాటగానే ఆకంతా రాల్చి, ఫాల్గుణం నాటికి కొమ్మల నిండా నిప్పుకణికల వలె పూస్తుంది. పువ్వు వంపు చూస్తే చిలుక ముక్కే. అందుకే సంస్కృతంలో కింశుకమన్నారు, అంటే ఇది చిలుకా ఏమి అని అర్థం. ఇంకో పేరు పలాశం. 1757లో క్లైవ్ గెలిచిన ప్లాసీ యుద్ధం గురించి మనం బడిలో చదువుకున్నాం గదా, ఆ ఊరు బెంగాలులోని పలాశి. మోదుగచెట్ల వల్ల దానికాపేరు వచ్చిందంటారు. మన దేశ చరిత్రను మలుపు తిప్పిన యుద్ధానికి ఒక పూలచెట్టు పేరున్నదని మాత్రం బడిలో ఎవరూ చెప్పలేదు.

ఈ చెట్టును శాస్త్రగ్రంథంలోకి ఎక్కించిన వారిలో ముఖ్యుడు విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, గోదావరి జిల్లా సామర్లకోటలో 1781 నుండి ఉద్యోగం చేసి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి మారినాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుండి లండనులో అచ్చయింది. బొమ్మలు వేసినవారు మన దేశపు చిత్రకారులే. మొక్కలకు తెలుగువారు పిలిచే పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. మోదుగ అందులో మొదటి సంపుటంలోనే ఉన్నది. శాస్త్రనామం మాత్రం బ్యూటియా అయింది. అది ఇంగ్లండులో ప్రధానమంత్రిగా చేసిన బ్యూట్ ప్రభువు పేరు. మన గుట్టల మీద చెట్టు, వాళ్ళ ప్రభువు పేరు.

మన ఊళ్ళల్లో మోదుగ లేనిదే పని జరిగేది కాదు. పెండ్లయినా, చావయినా బంతి భోజనాలకు ఇస్తారాకులు మోదుగవే. మా అవ్వ మధ్యాహ్నం పని తెమిలినాక అరుగు మీద కూర్చుండి, ఈనెపుల్లలతో ఆకు మీద ఆకు కుట్టి, వందకొక కట్ట కట్టి అటక మీద పెట్టేది. ఆ ఆకులో వేడన్నం పడితే ఒక వాసన వచ్చేది; అది తెలిసినవారికి మళ్ళీ చెప్పనక్కరలేదు. దొప్పలూ దీనివే. కొందరు పెద్దమనుషులు పొగాకును మోదుగాకులో చుట్టి తాగేవారు. వేర్ల నారతో తాళ్ళు పేనేవారు. ఒడుగు జరిగే వటువు చేతికి ఇచ్చేది మోదుగ దండమే. కాముని పున్నమికి పిల్లలు జాజిరి పాటలు పాడి ఇల్లిల్లూ తిరిగేవారు. పూలు ఉడకబెడితే వచ్చే కాషాయపు రంగు నీళ్ళే హోలీ రంగు. డబ్బాల రంగులు వచ్చినదాకా అంతే. ఆ రంగు రెండు ఉతుకులకు పోయేది, కండ్లు మండేవి కావు.

మోదుగకు ఒక్కో కాడకు మూడే ఆకులు. దీని మీద ఉర్దూలో ఒక సామెత ఉన్నది: ఢాక్ కే తీన్ పాత్. ఎన్ని చేసినా పరిస్థితి మారలేదని దాని భావం. మా ఆఫీసులో ఉర్దూ మీడియం చదివిన పాత సూపరింటెండెంటు ఒకాయన ఉండేవారు. పైఆఫీసుకు పోయిన ఫైలు మళ్ళీ అదే ప్రశ్నతో తిరిగివస్తే, ముఖం చిట్లించకుండా మూడు వేళ్ళు చూపించేవారు. మాకు అర్థమయ్యేది.

సాహిత్యంలో కూడా మోదుగకు మన తెలంగాణలో ప్రత్యేక స్థానం ఉన్నది. దాశరథి రంగాచార్య గారు తెలంగాణ పోరాట నేపథ్యంతో రాసిన నవలకు మోదుగుపూలు అనే పేరు పెట్టినారు. ఆ ఎరుపు ఆయనకు ఎందుకు కావలసి వచ్చిందో, నిజాం పాలన చివరి రోజులు చూసిన మన తల్లిదండ్రులకు తెలుసు.

మనం పెన్షన్ ఆగకుండా ఏటా జీవన ధ్రువీకరణ పత్రం ఇచ్చుకుంటున్నాము. మోదుగ కూడా ప్రతి ఫాల్గుణంలో తాను బతికే ఉన్నానని పూత ద్వారా తెలియజేస్తుంది. తేడా ఏమంటే, దానికి రసీదు ఇచ్చేవారు లేరు.

బూరుగ నుండి రేల దాకా

పూలచెట్లు కూడా మన వలెనే ఒకరికొకరు చార్జి అప్పగిస్తవి. మొదట డ్యూటీలో చేరేది బూరుగ. సంక్రాంతి పోయినాక ముళ్ళ మాను మీద ఆకు రాలి, ఎర్రటి దొప్పల వంటి పూలు విచ్చుకుంటవి. గోరింకలు, కాకులు, ఉడుతలు తెల్లవారినుండే అక్కడ హాజరు. ఎండలు ముదిరేసరికి కాయ పగిలి దూది ఎగురుతుంది. సిరిసిల్లలో పనిచేసినప్పుడు ఒక నేత కార్మికుణ్ణి అడిగినాను, ఊరంతా మగ్గాలే గదా, ఈ దూదిని ఎందుకు వాడరు అని. ఆయన నవ్వి, "ఇది జారుడు దూది సారూ, పోగు నిలువది. దిండ్లల్ల నింపుకోవాలె, పండాలె" అన్నాడు. నిజమే. బూరుగు దూది పోగు నునుపుగా, పొట్టిగా ఉండి వడకడానికి లొంగదు. మెత్తటి కలప మాత్రం అగ్గిపుల్లలకు పనికివచ్చేది.

బూరుగ తరువాత మోదుగ. అదే కాలంలో గుట్టల మీద రాళ్ళ సందుల్లో ఆకు లేని కొమ్మలకు పసుపుపచ్చని కొండగోగు పూస్తుంది. చైత్రంలో కానుగ. దాని పూలు రాలితే కింద పేలాలు పరిచినట్టుంటుంది.

ఆ తరువాత చార్జి తీసుకునేది రేల. చైత్రం చివర నుండి జ్యేష్ఠం దాకా బంగారు గొలుసులు వేలాడదీసినట్టు పూస్తుంది. నన్నడిగితే మన నేల మీద దీనికి మించిన అందమైన చెట్టు లేదు. ఆకు కనిపించకుండా పూస్తుంది, కింద నిలబడితే పసుపు నీడ పడుతుంది. మూరెడు పొడుగు నల్లటి కాయలు మళ్ళీ పూత కాలం దాకా వేలాడుతుంటవి. కాయలో గదులు గదులుగా గింజలు, వాటి నడుమ నల్లటి గుజ్జు. మలబద్ధకానికి ఆ గుజ్జు మంచి మందని ఆయుర్వేదంలో ఆరగ్వధం పేరుతో చెప్పినారు. హిందీలో అమల్‌తాస్. వైద్యుణ్ణి అడగకుండా ఎవరూ వాడవద్దని నా మనవి.

సంస్కృతంలో దీనికి రాజవృక్షమని మరో పేరు. ఆ పేరే సముద్రం దాటి పోయి థాయిలాండులో రాచప్రూక్ అయింది. ఆ దేశపు జాతీయ పుష్పం మన రేల పువ్వే. కేరళలో విషు పండుగనాడు తెల్లవారి కండ్లు తెరవగానే చూడవలసిన వస్తువుల్లో రేలపూలు ఉండి తీరాలి. అది వారి రాష్ట్ర పుష్పం కూడా. మోదుగను ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ రాష్ట్రాలు తమ రాష్ట్ర పుష్పం చేసుకున్నవి. మనకు 2014 నవంబరులో తంగేడు రాష్ట్ర పుష్పమయింది, జమ్మి రాష్ట్ర వృక్షమయింది. రెండూ తగినవే. తంగేడుకు ఆ గౌరవం రావడానికి కారణం మన ఆడబిడ్డలు. బతుకమ్మలో దాన్ని వదిలిపెట్టలేదు గనుక అది మనకు గుర్తున్నది. మోదుగ, రేల వసంతపు చెట్లు. అప్పుడు బతుకమ్మ లేదు.

సీమ నుండి వచ్చిన తురాయి

ఇక అందరికీ తెలిసిన ఎర్రపూల చెట్టు, గుల్‌మొహర్. తలపాగా మీది తురాయి వలె ఉంటుందని తెలుగులో తురాయి అన్నారు. కొన్ని చోట్ల సీమ సుంకేసుల అంటారు. సుంకేసుల అంటే మనం వాతనారాయణ అనే చెట్టు. రెండూ దగ్గరి చుట్టాలే. సీమ అని ముందు చేర్చితే బయటిదేశం నుండి వచ్చిందని గుర్తు. సీమ తుమ్మ, సీమ చింత కూడా అట్లాంటివే.

గుల్‌మొహర్ సొంత ఊరు ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న మడగాస్కర్ దీవి. బోజర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని అక్కడ చూసి వెలుగులోకి తెచ్చినాడు. 1829లో దానికి శాస్త్రీయ నామకరణం జరిగింది. మారిషస్ తోటల మీదుగా ప్రపంచమంతా పాకింది. మన దేశానికి 19వ శతాబ్దంలోనే వచ్చింది. అంటే మోదుగ, రేల వేల ఏళ్ళ నుండి ఉన్న ఖదీం రైతులయితే, గుల్‌మొహర్ రెండు వందల ఏళ్ళు కూడా నిండని కొత్త పట్టాదారు.

అయినా సర్కారీ ఆవరణలన్నీ దీని స్వాధీనమే అయినవి. కచేరీలు, బడులు, డాక్ బంగళాలు, దవాఖానాలు ఎక్కడ చూసినా గుల్‌మొహరే. దానికి కారణాలు లేకపోలేదు. గింజ వేస్తే మొలుస్తుంది, తొందరగా పెరుగుతుంది, గొడుగు పట్టినట్టు కొమ్మలు చాచి మే నెల ఎండలో నీడనిస్తుంది. కొత్తగా కట్టిన ఆఫీసుకు నాలుగైదేండ్లలో నీడ కావాలంటే నర్సరీవాళ్ళు ఇచ్చేది ఇదే. దీనికి తోడు 1950లో కేంద్ర వ్యవసాయ మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవం మొదలుపెట్టినారు. ఈ మున్షీ గారు ఎవరో కాదు, పోలీసు చర్యకు ముందు 1948లో హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంటు జనరల్‌గా ఉన్నవారే. అప్పటినుండి ప్రతి జూలైలో ఆఫీసుల ముందర మొక్క నాటుడు, ఫోటో దిగుడు ఆనవాయితీ అయింది. మొక్కలు అందరం నాటినాము. నీళ్ళు పోసింది మాత్రం ఆఫీసు జవాన్లు.

గుల్‌మొహర్‌ను నేను తక్కువ చేయడం లేదు. వేసవి సెలవులన్నా, పరీక్షల రిజల్టులన్నా, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లన్నా నాకు ఆ ఎర్రపూలే కండ్లముందు ఆడుతవి. దాని వేళ్ళు పైపైన పాకుతవి, కొమ్మ పెళుసు, ఈదురుగాలికి విరుగుతుంది. గోడ పక్కన, కరెంటు తీగల కింద పెట్టకుండా జాగ్రత్తపడితే చాలు.

చెట్టు పేరు రికార్డుకెక్కిన రోజు

1980వ దశకంలో నేను పనిచేసిన ఒక కార్యాలయం ఆవరణలో అట్లాంటి గుల్‌మొహర్ ఒకటి ఉండేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు దాని కిందనే విప్పేవాళ్ళం. పనిమీద వచ్చిన రైతులు దాని కిందనే కునుకు తీసేవారు. దరఖాస్తులు రాసిపెట్టే ఆయన బల్ల కూడా అక్కడే. ఆఫీసుకు కొత్త గది మంజూరు కాగానే చెట్టు అడ్డమయింది. కొట్టేయడానికి ఉత్తర్వు వచ్చింది. చెట్టు కొట్టినారు, మొద్దులు వేలం వేసినారు, కొన్ని వందల రూపాయలు వచ్చినవి. ఆ సొమ్మును ట్రెజరీలో జమ చేసే చలానా రాసే పని నాకు పడింది.

పాత ఫైళ్ళు తిరగేసినాను, ఎప్పుడు నాటినారో రాద్దామని. ఎక్కడా లేదు. బీరువాలు, కుర్చీలు, గడియారం, ఆఖరుకు సిరాబుడ్ల దాకా స్టాకు రిజిస్టరులో ఉన్నవి. వందలమంది కూర్చున్న చెట్టు లేదు. అది సర్కారు కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి, అదీ కొట్టేసినాక. "ఆవరణలోని ఒక చెట్టు వేలం వలన వచ్చిన సొమ్ము" అని రాస్తుంటే, దానికి ఎండకాలమంతా నీళ్ళు పోసి పెంచిన జవాను పక్కన నిలబడి చూసి, "సారూ, కాయితంల దాని పేరు గూడ రాయుండ్రి. ఉత్తగ ఒక చెట్టంటె ఎట్ల?" అన్నాడు. గుల్‌మొహర్ అని రాసినాను. ఆయన తల ఊపి పోయినాడు. ఈ వ్యాసానికి మూలం ఆ ఒక్క మాటనే.

ఎట్లా తగ్గిపోయినవి

లెక్కలో లేనిది పోతే ఎవరికీ తెలియదు. కట్టలో ఒక్క నోటు తగ్గితే క్యాషియరుకు నిద్ర పట్టదు. కంచెలో నూరు మోదుగలు పోతే అడిగినవాడు లేడు.

1963 జూలై 26న నెహ్రూ గారు పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినారు. 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు నుండే పోతుంది. నీళ్ళు వచ్చినవి, వరి వచ్చింది, పసుపు వచ్చింది, కడుపులు నిండినవి. దీన్ని తప్పుపట్టేవాడు మెట్ట సేద్యం కష్టం ఎరగనివాడు. అయితే అంతవరకు మోదుగలు పెరిగిన పడావు భూములు, కంచెలు, గట్లు చదునై పొలాలైనవి. సిరిసిల్ల దగ్గర మానువాడ వద్ద మధ్యమానేరు జలాశయం కట్టినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు మునిగినవి. వాటితో ఆ ఊళ్ళ చెట్లూ మునిగినవి. నిజామాబాదు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాలకు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద చిన్నప్పుడు నడిచినవారికి రెండు పక్కల చెట్ల నీడ గుర్తుండాలి. బండ్లు పెరిగినవి, రోడ్డు వెడల్పయింది, నీడ పోయింది. ఆకులు కుట్టే పని ప్లాస్టిక్ ప్లేట్లు, థర్మాకోల్ ప్లేట్లు వచ్చి పోయింది. ఆకుతో పని లేకపోయేసరికి చెట్టును కాపాడే మనిషీ లేకపోయినాడు.

చట్టాలు లేకపోలేదు. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. మనం దాన్ని వాల్టా అంటాము. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలన్నది అందులో ఉన్నది. 2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం మొదలుపెట్టి, రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుండి 33 శాతానికి పెంచాలని, 230 కోట్ల మొక్కలు పెట్టాలని లక్ష్యం పెట్టుకున్నది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఊరూరా నర్సరీ వచ్చింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న బాధ్యత పంచాయతీల మీద పడింది. ఇది మంచి పనే. మొదటిసారి సర్కారు మామూలు మొక్కకు కూడా లెక్క రాసింది. కానీ ఆ లెక్క ఎన్ని అన్నదే అడుగుతుంది, ఏవి అన్నది అంతగా అడగదు. అందుకే తొందరగా పచ్చగా కనిపించేవి ఎక్కువ పెట్టినారు. మోదుగ మెల్లగా పెరిగే చెట్టు, లక్ష్యాలకు అందదు.

జపాను దర్బారు గుమాస్తాలు

చెట్టు లెక్క రాస్తే ఏమొస్తుందని అడిగేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. జపానులో క్యోటో అనే నగరం ఒకప్పటి రాజధాని. అక్కడ వసంతంలో చెర్రీ చెట్లు పూస్తే రాజు, కొలువువారు కలిసి చూడడానికి పోయేవారు. ఏ ఏడు ఏ తేదీన పూసినవో కొలువు ఉద్యోగులు తమ డైరీల్లో రాసుకున్నారు. అట్లా క్రీ.శ. 812 నుండి రాసిన తేదీలు దొరుకుతున్నవి. వారు సైన్సు కోసం రాయలేదు, అలవాటు కొద్దీ రాసినారు. పన్నెండు వందల ఏండ్లు గడిచినాక శాస్త్రజ్ఞులు ఆ తేదీలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, ఈ వందేండ్లలో పూత ముందుకు జరుగుతున్నదని, భూమి వేడెక్కుతున్నదని తేలింది. 2021లో మార్చి 26న పూత నిండుకు వచ్చింది. అప్పటిదాకా ఉన్న లెక్కలన్నిటిలో అదే అన్నిటికంటే ముందు. ప్రపంచం తెలుసుకోవలసిన సత్యం కొందరు దర్బారు గుమాస్తాల రాత వలన బయటపడింది. మన వృత్తికి ఇంతకంటే గౌరవం ఏమున్నది?

మన మోదుగ పూత గురించి అట్లాంటి లెక్క మన దగ్గర లేదు. ఈసారి తొందరగా పూసింది, ఈసారి ఆలస్యమైంది అని అరుగుల మీద అనుకుంటాము గాని, కాగితం మీద పెట్టినవారు లేరు.

మనం చేయగలిగింది

మిత్రులారా, మనకు డబ్బు అంతంత మాత్రమే, ఓపిక కూడా తగ్గింది. కానీ రిజిస్టరు గీయడం వచ్చు, కాలాలు నింపడం వచ్చు, సమయం ఉన్నది. పొద్దున వాకింగుకు పోయే ప్రతి సభ్యుడూ ఒక వంద పేజీల నోటుబుక్కు కొనమని నా విన్నపం. క్రమసంఖ్య, చెట్టు పేరు, ఉన్న చోటు, రొమ్ము ఎత్తున మాను చుట్టుకొలత, ఎవరు నాటినారని పెద్దలు చెబుతున్నారు, ఈ ఏడు మొదటి పువ్వు ఏ తేదీన కనిపించింది, రిమార్కులు. ఇంతే. జగిత్యాల కోట చుట్టుపక్కల ఒకరు, కోరుట్ల కాలువగట్టు మీద ఒకరు, సిరిసిల్లలో మానేరు ఒడ్డున ఒకరు రాసినా చాలు. రాసినవి ఏటా ఉగాదికి సంఘం ఆఫీసులో ఇస్తే, ఒకచోట ఫెయిరు చేసే బాధ్యత నేను తీసుకుంటాను. సెల్‌ఫోను వాడే మనుమలు, మనుమరాళ్ళు ఫోటో తీసి తోడ్పడవచ్చు. చెట్టు పేరు తెలియకపోతే వారు మనలను అడుగుతారు, అదీ ఒక లాభమే.

నాటడానికి జాగా ఉన్నవారికి రెండు మాటలు. మోదుగ కాయ చదునుగా, కొసన ఒకే గింజతో ఉంటుంది. ఎండకాలం చివర రాలుతుంది. పాతబడితే మొలకెత్తదు, తాజాగా ఉన్నప్పుడే తొలకరికి పెట్టాలి. చౌడు నేలలో కూడా బతుకుతుంది, తొందరపెట్టవద్దు. రేల గింజ పైపెంకు గట్టిది. గరుకు కాగితం మీద రుద్ది, లేదా వేడినీళ్ళు పోసి ఒక రాత్రి నాననిచ్చి పెడితే మొలుస్తుంది. పశువులు దాని ఆకును పెద్దగా మేయవు గనుక కంచె ఖర్చు తక్కువ. ఇంటి ముందర ఒక్క చెట్టుకే చోటున్నవారు రేల పెట్టుకోవాలని నా సలహా.

2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించినారు. థర్మాకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు అందులో ఉన్నవి. మన ఇండ్లల్లో జరిగే షష్టిపూర్తులకు, మనుమల పెండ్లిళ్ళకు, సంఘం వార్షిక సమావేశపు భోజనాలకు మోదుగ ఇస్తారాకులు అడిగి తెప్పిస్తే, కుట్టే చేతులకు పని దొరుకుతుంది, చెట్టుకు విలువ వస్తుంది. సర్కారు పద్దులో లేకపోయినా మన పద్దులో ఉంటే చెట్టు బతుకుతుంది.

రాబోయే ఫాల్గుణంలో మీ ఊరి మోదుగ మొదటి పువ్వు తేదీ ఒక పోస్టుకార్డు మీద రాసి సంఘం చిరునామాకు పంపండి. చెట్టు పేరు రాయడం మరువకండి. సెలవు.